వారములు లేని విద్యార్థులు

చంద్రగిరి దుర్గమును చూడవచ్చువారికి మేము తప్పక చెప్పు మాటలలో మదరాసు పట్టణపు పుట్టుక యొకటి. 1639లో ఆంగ్లవర్తకులకు సముద్రతీరమున నొక పట్టి నేల నిచ్చిన దామెర్ల నాయకులు, చంద్రగిరి వేలూరులనుండి యేలుచుండిన ఆరవీటి రాయలకు సామంతులు. ఏటేట మా పాఠశాల బాలురను రాజమహలునకు గొనిపోయినపుడు ఈ సంగతి చెప్పుదుము. వారు సంతోషింతురు. కాని చెప్పక విడుచుచున్న మాట యొకటి కలదు. ఆ నేలమీద లేచిన పట్టణమున 1857లో విశ్వవిద్యాలయము వెలసినది మొదలు దాదాపు నూరేండ్ల కాలము మా ప్రాంతమువారికి పట్టమునకు ప్రధానమైన త్రోవ మదరాసు త్రోవయే. ఒకనాడు స్థలమిచ్చిన సీమవారు చదువుకొఱకు నూటయేబది కిలోమీటర్లు నడచి ఆ స్థలము చెంతకే పోవలసివచ్చినది.

ఎవరు పోగలిగిరి, ఎవరు పోలేకపోయిరి అన్నది ఇచట మా విచారణ. తెలివిగలవారు పోయిరి, శ్రద్ధ లేనివారు నిలిచిరి అని జవాబు చెప్పుట సులభము. మేము కూడ చిరకాలము అట్లే చెప్పుచుంటిమి. ఇరువదేండ్లు పాఠములు చెప్పిన పిమ్మట మాకు తోచినది వేఱు. విశ్వవిద్యాలయముల చరిత్రను జనులు శాసనములలోను, ప్రవేశ నియమములలోను వెదకుదురు. అందు సగభాగము వంటయింట నున్నదని మా అభిప్రాయము.

మా తాతగారు తిరుపతిలో వారములు చెప్పుకొని చదివినవారు. ఈ కాలపు చదువరులలో చిన్నవారికి ఆ మాట తెలియకపోవచ్చును. బీద బ్రాహ్మణ బాలుడు పట్టణమునకు చదువవచ్చి ఏడిండ్లకు పోయి విన్నవించుకొనును. సోమవారము ఒక యింట భోజనము, మంగళవారము వేఱొక యింట. ఇట్లు వారమంతయు గడచును. పడక సత్రపు వసారాలోనో, ఎవరి యరుగు మీదనో. దీపము కోవెలది. మా తాతగారికి ఆఱిండ్లే దొరకినవి. గురువారము ఇల్లు లేదు; ఆ దినము ప్రసాదము దొరకిన భోజనము, లేకున్న ఉపవాసము. ముసలితనమున కూడ ఆయన గురువారము నాడు ఆకలియగునని నవ్వుచు చెప్పెడివారు. విస్తరి వేయు ఇల్లాలి ముఖము వంక చూడకుండ తినుట ఎట్లో తాము పదునొకండవ యేట నేర్చుకొంటిమనియు చెప్పెడివారు. అపుడు నవ్వెడివారు కారు.

ఇది దానమని పేరు. కాని నిజముగా ఇదియొక యేర్పాటు. దీనికి శాసనము లేదు, నిధి లేదు, కార్యాలయము లేదు; అయినను తరతరములు నడచినది. ధనము లేనివాని కొడుకును ఊరిలోని ఏడు వంటయిండ్లు కలసి చదివించినవి. మా వంశమున చదువునకు మొదలు ఆ విస్తళ్లే. మా తండ్రిగారి ఉద్యోగమును, మా సంస్కృతమును, మా ఆంగ్లమును మా బుద్ధిబలముచేత వచ్చినవనుకొని గర్వించిన దినములు మాకును కలవు.

కాపు రైతుబిడ్డకు వారములు లేవు గాని పట్టణమున చుట్టపుటిల్లు ఉండవచ్చును, లేదా ఇంటినుండి బియ్యపుమూట వచ్చును. మాల మాదిగ పల్లెల బాలునికో? వానికి సోమవారము పెట్టు ఇల్లు తిరుపతిలో నేది? వాడు ఏ యరుగున పండుకొనును? కొండ యంచున గుడిసె వేసికొన్న యానాది బాలుని మాట యెత్తనే అక్కఱలేదు. విశ్వవిద్యాలయ నియమములలో ఏ కులమువాడును రాగూడదని వ్రాసిన వాక్యము లేదు. వ్రాయవలసిన పని లేకపోయినది. మదరాసు ఒక్కొక్కనికి ఒక్కొక్క దూరమున నుండెను.

ఆ త్రోవ ఎట్టిదో తెలియుటకు ఒక విఖ్యాత పురుషుని బాల్యమును చూడవచ్చును. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో జన్మించెను. తిరుత్తణి 1960 వఱకు మా చిత్తూరు జిల్లాలోనిదే. తండ్రి జమీందారు కొలువున చిన్న రెవెన్యూ ఉద్యోగి. బాలుడు తిరుపతిలో జర్మను లూథరన్ మిషనువారి పాఠశాలలో చదివి, అటనుండి వేలూరునకును, పిదప మదరాసు క్రైస్తవ కళాశాలకును పోయెను. దారి పొడుగున విద్యార్థివేతనములే ఆధారము. ఆయన తత్త్వశాస్త్రమును పుచ్చుకొనుటకు కారణముగా చెప్పబడు కథ మిక్కిలి చిన్నది: ఆ శాస్త్రమున పట్టము పొందిన దాయాది యొకడు తన పుస్తకములను ఈయనకిచ్చెను, క్రొత్తవి కొను శక్తి లేదు గనుక ఆ పాఠమే చదివెను. భారతీయ తత్త్వమును ప్రపంచమునకు వివరించిన మహామహుని శాస్త్రనిర్ణయము పాతపుస్తకముల చేత జరిగినది! ఆ దాయాది గణితము చదివియుండిన నేమయ్యెడిదో యని మా విద్యార్థులు అడుగుదురు. మా మనసున మెదలు ప్రశ్న వేఱు. పాతపుస్తకము లీయగల దాయాది లేని బాలురు ఎందరు?

మఱియొకరు చిత్తూరు చెంత కట్టమంచివారు. రామలింగారెడ్డిగారు 1880లో పుట్టిరి. వారును మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి కేంబ్రిడ్జికి పోయిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసినపుడు మొదటి వైస్ ఛాన్సలరు వారే. 1931 నుండి 1936 వఱకు రాధాకృష్ణన్, మఱల 1936 నుండి 1949 వఱకు రెడ్డిగారు. ఆంధ్రుల తొలి విశ్వవిద్యాలయమును మొదటి యిరువది మూడేండ్లు నడపిన యిద్దఱును మా ప్రాంతమున పుట్టినవారు. అయినను ఆ విద్యాలయము వాల్తేరున స్థిరపడినది. రాయలసీమ కళాశాలలు మదరాసు విశ్వవిద్యాలయము క్రిందనే మిగిలినవి. విత్తనము మాది, పంట పొరుగు చేనిదియని మా పెద్దలు వాపోయిరి. ఆ వాపోవుట న్యాయమే. కాని వాల్తేరు బదులు అనంతపురమో తిరుపతియో అయిననేమి, యానాది బాలునికి ఆనాడు ఒరుగునది యేమున్నది? సీమకు జరిగిన యన్యాయమును గూర్చి గొంతెత్తిన మావారు, సీమలోపలి యన్యాయమును గూర్చి అంత గొంతెత్తలేదు. ఇది చెప్పుట మాకు ప్రియము కాదు.

ఈ విషయమున కన్ను తెఱచినవారు లేకపోలేదు. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు 1904 నుండి 1919 వఱకు అధ్యక్షులుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు బాలికలను, హరిజన బాలురను కళాశాలలోనికి రప్పించిరి. వారికి జీతము మాపుట ఒక యెత్తు. హరిజన విద్యార్థులకు పిఠాపురము మహారాజావారు వసతిగృహము నేర్పఱచుట మఱియొక యెత్తు. ఆ బ్రహ్మర్షికి లోకము తెలియును. జీతము మాపినంతమాత్రాన వచ్చినవాడు రాత్రి ఎచట తినును, ఎచట పండుకొనును అని ఆలోచించినవారు. తరువాత 1925లో వారు మదరాసు విశ్వవిద్యాలయమునకే వైస్ ఛాన్సలరైరి. కాకినాడ వంటి వసతిగృహము మా పట్టున నొకటి ఆనాడే ఉండియున్న మా జిల్లా కథ మఱియొక తీరున నడచెడిది.

మా జిల్లాలో కళాశాల లేదనరాదు. 1915లో అనిబిసెంటమ్మగారి పూనికతో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల వెలసినది. 1919లో రవీంద్రులు అచట విడిది చేసి తమ జనగణమన గీతమును ఆంగ్లమునకు మార్చిరి. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వచ్చినది. 1937 నవంబరు 16వ తేదీన మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు భవనమున కోస్తా, సీమ నాయకులు ఒడంబడిక చేసికొని, వాల్తేరుతోపాటు అనంతపురము కూడ విశ్వవిద్యాలయ కేంద్రము కావలెనని వ్రాసికొనిరి. 1945లో దేవస్థానమువారు తిరుపతిలో కళాశాల స్థాపించిరి. తుదకు ఆంధ్రరాష్ట్రము వచ్చిన మఱుసటి యేట, 1954 సెప్టెంబరు 2వ తేదీన, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము తిరుపతిలో ప్రారంభమైనది. ఒడంబడికలో పేరు అనంతపురమునది, విద్యాలయము తిరుపతిది. అనంతపురమువారి మనస్తాపము మాకు తెలియును. ఆ కథ వేఱు.

చంద్రగిరినుండి ఆ విద్యాలయమునకు నాలుగు క్రోసులు. పాకాల రైలు ఆగును, బస్సులు పోవును. నూటయేబది కిలోమీటర్లు పండ్రెండునకు దిగినవి. దూరమే దోషమైనచో దోషము ఆ దినమే తీరవలెను.

తీరలేదు. మొదటిది భాష. గ్రామ పాఠశాలలో తెలుగున చదివిన బాలుడు కళాశాల మెట్టెక్కగానే అధ్యాపకుని నోట ఆంగ్లము తప్ప వేఱు వినడు. కళాశాల పాఠములకు తెలుగు పుస్తకములు వ్రాయించు నిమిత్తము తెలుగు అకాడమీ 1968లో గాని ఏర్పడలేదు. ఈ మధ్యకాలమున తిరుపతి తరగతిగదులలో వెనుక బల్లపై మౌనముగా కూర్చుండి వెడలిపోయినవారి లెక్క ఏ నివేదికలోను లేదు. రెండవది సీట్లు. 1951లో చంపకం దొరైరాజన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు మదరాసు ప్రభుత్వపు పాత సీట్ల పంపకమును కొట్టివేయగా, ఆ యేడే రాజ్యాంగమును సవరించి వెనుకబడిన వర్గములకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు విద్యాలయములలో ప్రత్యేక స్థానము కల్పించు వీలు చేసిరి. 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి, విశ్వవిద్యాలయ ప్రాంతముల వారీగా నూటికి 85 సీట్లు స్థానికులకని నిర్ణయించినది. అనంతపురము, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాంతము. ఈ ఉత్తర్వు మా సీమకు మేలే చేసినది. కాని తిరుపతి వకీలు కొడుకును స్థానికుడే, శేషాచలము యంచున కట్టెలు కొట్టువాని కొడుకును స్థానికుడే. జిల్లాల నడుమ గీత గీయుట ప్రభుత్వమునకు తేలిక. వీధుల నడుమ నున్న గీత ఆ పటములో కానరాదు.

విందునకు పిలిచి పీట వేసి విస్తరి వేయకున్న నెట్లుండునో, సీటు చూపి వసతి చూపని చదువు అట్లుండును. ప్రభుత్వము దీనిని బొత్తిగా మఱచినదనుట సత్యము కాదు. 1944లో, అంబేద్కరుగారు వైస్రాయి సభలో సభ్యులుగా నున్నపుడు, షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను తరువాతి చదువునకు వేతనములు మొదలైనవి. 1948లో తెగలవారికిని విస్తరించినవి. ఈ వేతనముల చేతనే మా జిల్లాలో మొదటి తరము హరిజన పట్టభద్రులు లేచిరి. కాని మెట్రిక్యులేషను తరువాతి వేతనము మెట్రిక్యులేషను చేరినవానికే గదా. మొదటి మెట్టు చేరనివానికి పదవ మెట్టుపై చాప పఱచి ఫలమేమి?

ఎరుకలవారి సంగతి చూడుడు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టము క్రింద మదరాసు రాజధానిలో వారి కుటుంబములనేకము నమోదయ్యెను. పురుషులు పోలీసు ఠాణాకు పోయి హాజరు పలుకవలెను. అనుమతి లేక ఊరు దాటరాదు. ఆ చట్టము దేశమంతట తొలగుట 1952 ఆగస్టు 31వ తేదీన. అనగా రెండేండ్లు నిండినంతనే తిరుపతిలో విశ్వవిద్యాలయము తెఱచిరి. తండ్రి ఠాణాలో హాజరు పలికిన యింట, కొడుకును బడిలో హాజరు పలుకుమని పిలుచుట ఎట్టిదో మేము ఊహింపగలమే గాని ఎఱుగుదుమనలేము. యానాదుల విషయమున నెల్లూరివారైన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఒక జీవితకాలము పాటుపడి, 1962లో వారిని గూర్చి ఆంగ్లమున గ్రంథము ప్రకటించిరి. ఆ పిమ్మట నలువదేండ్లకు, 2001 జనాభా లెక్కలలో, అప్పటి ఆంధ్రప్రదేశమున అక్షరాస్యులు నూటికి 60 మంది, తెగలవారిలో 37.

గురుకులముల రాకతో కొంత వెలుగు వచ్చినది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులోను, 1972లో గుంటూరు జిల్లా తాడికొండలోను, మా సీమలోని కొడిగెనహళ్లిలోను పిల్లలకు తిండి, పడక, చదువు ఒక్కచోట అమర్చిన పాఠశాలలు వెలసినవి. 1984 నుండి సాంఘిక సంక్షేమ గురుకులములు వచ్చినవి. మా దృష్టిలో ఇవి ప్రభుత్వము పెట్టిన వారములు. ఏడిండ్ల బదులు ఒక్క యిల్లు. ఇల్లాలి ముఖము చూడవలసిన పని లేదు. గురువారము ఉపవాసము లేదు. వీనిలో లోపములు లేవా? కావలసినన్ని కలవు. పప్పు నీళ్లగుట, ధరలు పెరిగినంత వేగముగా భోజనపు పద్దు పెరుగకుండుట, సెలవులలో తలుపు మూయుట ఎల్లరెఱిగినవే. అయినను పుస్తకముతో బయలుదేఱి పట్టముతో తిరిగివచ్చిన బీద విద్యార్థిని ఎవనినైనను అడిగి చూడుడు. వాడు మొదట అధ్యాపకుని పేరు చెప్పునో, వసతిగృహపు పేరు చెప్పునో గమనింపుడు.

కొన్నేండ్ల క్రిందట మా పాఠశాలలో చదివి, పిదప ఇంటర్మీడియెటు కూడ మంచి మార్కులతో ముగించిన యానాది బాలిక యొకతె తిరుపతిలో డిగ్రీ తరగతిలో సీటు సంపాదించినది. మేమే దరఖాస్తు వ్రాసి పెట్టితిమి. జీతము ప్రభుత్వమే చెల్లించును గనుక ఆ చింత లేదు. కులపత్రమునకు నెల పట్టినది. తండ్రికి తన పుట్టుకను చూపు కాగితమే లేదు. కాగితము వచ్చులోపల వసతిగృహపు జాబితా మూసిరి. మఱల తెఱచుటకు రెండు నెలలన్నారు. ఆ రెండు నెలలు దినమును బస్సులో పోయి వచ్చినది. బస్సు దిగినచోటునుండి గూడెమునకు చీకటిలో కాలిబాట. బస్సు ఖర్చు తల్లి కూలి డబ్బులో మూడవ వంతు. రెండవ నెలలో మానినది. మేము ఇంటికి పోయి అడిగితిమి. ఆ తల్లి మమ్ము కూర్చుండుమని చాప వేసి, "అయ్యా, పిల్ల చదువుకు మీరు సీటు ఇప్పిస్తిరి. రాత్రిపూట దాన్ని ఎవరింట్లో పెట్టేది?" అన్నది. మా తాతగారి ఆఱిండ్లు మాకు గుర్తువచ్చినవి. తిరుపతిలో మాకు చుట్టములు నలువురు కలరు. వారిలో నొకరిని అడుగుదమను తలంపు మాకు ఆనాడు తోచలేదు. తోచినను అడిగియుందుమో లేదో, అడిగిన వారేమందురో, ఆలోచింపను జంకుచున్నాము.

2025 ఆగస్టు 15 నుండి రాష్ట్రమున స్త్రీలకు ప్రభుత్వపు బస్సులలో ప్రయాణము ఉచితమైనది. ఆ బాలికకు ఇది ఆలస్యముగా వచ్చిన మేలు. కాలిబాట మాత్రము అట్లే యున్నది.

ఈ నడుమ మా చుట్టుపట్ల విద్యాలయములకు కొదువ లేదు. 2015లో తిరుపతికి ఐ.ఐ.టి.యు, విజ్ఞాన పరిశోధన సంస్థయు వచ్చినవి. పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము 1983 నుండి యున్నది. 2020లో సంస్కృత విద్యాపీఠము కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. సంస్కృతము చదివినవారమగుటచే మేము సంతసించితిమి. అయితే ఐ.ఐ.టి. తలుపునకు తాళపుచెవి తిరుపతిలో లేదు. అది దేశమంతటికి జరుపు పరీక్షలో నున్నది, ఆ పరీక్ష శిక్షణ కేంద్రములలో నున్నది, శిక్షణ కేంద్రము లక్షల రూపాయలలో నున్నది. 2021-22 నాటి లెక్కలలో, దేశమున ఆ వయసు యువజనులు నూర్గురకు ఉన్నతవిద్యలో చేరినవారి నిష్పత్తి 28.4, షెడ్యూల్డు కులములలో 25.9, తెగలలో 21.2. పూర్వముతో పోల్చిన నెడము తగ్గినది, సంతోషమే. కాని ఈ యంకె చేరిక లెక్క. రెండవ నెలలో మానిన మా బాలిక చేరినవారిలోనే యుండియుండును.

తిరుపతి మిషను బడిలో చదివిన ఆ రాధాకృష్ణనే 1948లో విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షులై, మఱుసటి యేట సమర్పించిన నివేదికలో గ్రామీణ విశ్వవిద్యాలయములు కావలెనని ఒక యధ్యాయమే చేర్చిరి. గ్రామము విశ్వవిద్యాలయమునకు పోవుట కాక విశ్వవిద్యాలయము గ్రామమునకు రావలెనన్న తలంపది. దేశము ఆ యధ్యాయమును గౌరవించి అటకపై భద్రపఱచినది. మేము దానిని రెండుమాఱులు చదివితిమి. చదివినపుడెల్ల, వేలూరు త్రోవన పుస్తకపు సంచితో పోవుచున్న తిరుపతి బాలుడు మా కన్నులకు కట్టును.

మా పాఠశాలలో పదవ తరగతి ముగియు పిల్లల పేర్లు ఒక చిట్టాలో వ్రాయుట ఆచారము. మార్కులు, చేరదలచిన పాఠములు, కులము, తండ్రి వృత్తి. ఇన్నిటికి గళ్లు కలవు. నిరుటి వేసవినుండి మేము చేతితో మఱియొక గడి గీసితిమి: రాత్రి భోజనము, పడక ఎచట? కొందఱి పేర్ల యెదుట మేనమామ యిల్లనియు, కొందఱి యెదుట గురుకులమనియు వ్రాసితిమి. కొండ దిక్కు గూడెముల పిల్లల యెదుట గళ్లు ఇంకను ఖాళీగా నున్నవి. జూను నెల వచ్చులోపల వానిని నింపుటకై మేము తిరుపతిలో ఒక్కొక్క యింటి తలుపు తట్టుచున్నాము. ఇప్పటికి మూడిండ్లవారు ఒప్పుకొనిరి.